గోడకి ఈసీ ఉండదు

రిజిస్ట్రేషన్‌కి రెండు రోజుల ముందు, వంటింట్లో ఫ్రిజ్ పడుతుందో లేదో చూద్దామని అమ్మా నేనూ టేపు పట్టుకుని ఆ ఫ్లాట్‌కి వెళ్ళాం. వెళ్ళకపోయుంటే నాకు ఈ వ్యాసం రాసే పని తప్పేది.

విజయవాడలో, సింగ్‌నగర్ వైపు. పాత అపార్ట్‌మెంట్, గ్రౌండ్ ఫ్లోర్‌లో రెండు బెడ్రూముల ఫ్లాట్. మామ్మ మోకాళ్ళ కోసం గ్రౌండ్ ఫ్లోరే కావాలని నాలుగు నెలలు వెతికాం. గుంటూరులో మా రెండో అంతస్తు ఫ్లాట్ అమ్మేసి, ఆ డబ్బుకి బ్యాంకు లోను కలిపి ఇది కొంటున్నాం. గోడలకి కొత్త రంగు, తలుపులకి కొత్త పాలిష్. మొదటిసారి చూసినప్పుడు "ఎంత శుభ్రంగా పెట్టుకున్నారో చూడు" అని అమ్మ నా వైపు తిరిగి మరీ అంది. నా రూమ్ గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఆ రోజు బెడ్రూంలో గోడకున్న కప్‌బోర్డు కింది సొరుగు లాగింది అమ్మ. రాలేదు. గట్టిగా లాగితే మొత్తం ఊడి చేతికొచ్చేసింది. ప్లైవుడ్ ఉబ్బిపోయి, తడిసి ఆరిన పుస్తకంలా పొరలు పొరలుగా విడిపోయి ఉంది. సొరుగు వెనక గోడకి మాత్రం రంగు వెయ్యలేదు. అక్కడ ఎవరు చూస్తార్లే అనుకుని ఉంటారు. ఆ గోడ మీద అడ్డంగా ఒక గీత ఉంది. స్కేలు పెట్టి గీసినట్టు, మట్టి రంగులో. టేపు చేతిలోనే ఉంది కాబట్టి కొలిచాను. నేల నుంచి మూడడుగుల ఎనిమిది అంగుళాలు.

బెజవాడ వాళ్ళకి ఆ గీత ఏంటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెప్తా. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు ఊళ్ళోకి వచ్చింది. బుడమేరు వరదని కృష్ణలోకి మళ్ళించే డైవర్షన్ కాలవకి గండ్లు పడ్డాయి. కృష్ణ కూడా అప్పుడు మామూలుగా లేదు. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం, ఎప్పుడూ చూడనంత. నీళ్ళు పోవడానికి దారి లేక సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. పడవల మీద పాల ప్యాకెట్లు పంచిన వీడియోలు మనందరం చూశాం.

మేం ఈ సంగతి అడక్కుండా కొన్నామనుకోకండి. మొదటి రోజే నాన్న అడిగాడు, "వరద ఇక్కడి దాకా వచ్చిందాండీ?" అని. "గేటు దాకా వచ్చాయండీ. మనది కొంచెం మెరక" అన్నాడు ఇంటాయన. మేం నమ్మాం. వీధి వీధికీ ఎత్తు తేడా ఉంటుంది, ఒక లైన్లో నడుం లోతు ఉంటే పక్క లైన్లో పాదాలు తడవని ఇళ్ళూ ఉంటాయి కదా అనుకున్నాం.

గీత ఫొటో తీసుకుని బయటికి వస్తుంటే వాచ్‌మన్ వాళ్ళావిడ కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతోంది. అమ్మ ఊరికే అడిగినట్టు అడిగింది. "మీకు చెప్పలేదా అమ్మా? ఆరు రోజులు మేం మేడ మీదే ఉన్నాం కదా" అంది ఆవిడ. అంతే. లాయరు, బ్యాంకు వాల్యుయర్, బ్రోకరు, ఇద్దరు బాబాయిలు, ఒక వాస్తు పండితుడు. ఇంతమంది నెలన్నర పాటు చూసిన ఇంటి గురించి అసలు విషయం ఆ ఒక్కావిడకి తెలుసు. ఆవిణ్ణి ఎవ్వరూ అడగలేదు. మేం కూడా.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు కాయితాలు కొంటారు, ఇల్లు చూడరు. "డాక్యుమెంట్లు క్లియర్" అనే ఒక్క మాట వినగానే ఇల్లు కూడా క్లియర్ అనుకుంటారు. ఒకవేళ చివరి నిమిషంలో లోపం కళ్ళ ముందుకొచ్చినా, ఆగడానికి వీల్లేకుండా ఆ రోజుని ముందే పెళ్ళిలా తయారు చేసి పెట్టుకుంటారు. ఇందులో మొదటి సగం బద్ధకం. రెండో సగమే అసలు ప్రమాదం.

మా ఫైలు చూస్తే మీకే అర్థమవుతుంది. ముప్పై ఏళ్ళ ఈసీ తీయించాం. లింకు డాక్యుమెంట్లు మూడు తరాలవి. లాయరు గారి లీగల్ ఒపీనియన్ ఏడు పేజీలు. మున్సిపల్ ప్లాను, పన్ను రసీదులు, కరెంటు బిల్లు, అసోసియేషన్ వాళ్ళ నో డ్యూస్. ఇవి అక్కర్లేదని నేననను. ఒకే స్థలం ముగ్గురికి అమ్మిన కథలు మన ఊళ్ళలో కోకొల్లలు, ఆ భయంతోనే ఈ కాయితాల అలవాటు పుట్టింది. కానీ ఈసీ చెప్పేది ఆ ఆస్తి మీద రిజిస్టరైన తాకట్లు, అమ్మకాల గురించి. గోడ గురించి కాదు. గోడకి ఈసీ ఉండదు. బ్యాంకు వాల్యుయర్ వచ్చాడు కదా అంటారు. ఆయన వచ్చింది బ్యాంకు కోసం. రేపు మేం కట్టకపోతే అమ్మి వసూలు చేసుకోవడానికి ఆ ఆస్తి సరిపోతుందా లేదా అనేది ఆయన లెక్క. పావుగంటలో నాలుగు ఫొటోలు తీసుకుని, చెయ్యి కడుక్కుని, కాఫీ తాగి వెళ్ళాడు.

సేల్ డీడ్ డ్రాఫ్ట్ నాన్న నా చేతికిచ్చి చదవమన్నాడు. ఇంగ్లిష్ మీడియం వాణ్ణి కదా, తెలుగు దస్తావేజు చదవడానికి నాకు గంటన్నర పట్టింది. చెక్కుబందీ అంటే నాలుగు వైపుల హద్దులని ఆ రోజే తెలిసింది. పుత్రపౌత్ర పారంపర్యంగా, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించమని రాశారు. మామ్మ వింటూ మురిసిపోయింది. తాకట్టు లేదు, జప్తు లేదు, కోర్టు వ్యాజ్యం లేదు, మైనర్ల హక్కులు లేవు, ఏదైనా తేలితే నా సొంత ఖర్చులతో పరిష్కరిస్తానని అమ్మేవాడి చేత అన్నీ చెప్పించారు. మనవల మనవలు కూడా అనుభవించాల్సిన ఆ ఇంట్లో నీళ్ళు ఎక్కడ కారతాయో మాత్రం ఒక్క వాక్యం లేదు. నేను రైటర్ గారిని అడిగాను, ఇంటి కండిషన్ గురించి ఒక పేరా పెట్టొచ్చు కదండీ అని. "అలాంటి ఫార్మాట్ లేదు బాబూ" అన్నాడు. పాపం ఆయన తప్పు కాదు. ఆయన దగ్గరున్న టెంప్లేట్‌లో మార్చేది పేర్లూ అంకెలే. మనం మాత్రం ల్యాబ్ రికార్డుల్లో ఇంకేం చేస్తున్నాం.

చట్టంలో ఏమీ లేదా అని ఆ రాత్రి కూర్చుని చదివాను. ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 55వ సెక్షన్. నేను లా స్టూడెంట్‌ని కాను, కానీ ఆ సెక్షన్ మనం రాసే ఏ స్పెసిఫికేషన్ డాక్యుమెంట్ కన్నా స్పష్టంగా ఉంది. వేరే ఒప్పందం ఏమీ రాసుకోకపోతే, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూస్తే బయటపడని పెద్ద లోపం ఏదైనా ఆస్తిలో ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. చెప్పకపోతే దాన్ని మోసం కిందే లెక్కేస్తుంది చట్టం. అగ్రిమెంట్ రాసుకున్న రోజు నుంచి తాళాలు ఇచ్చే దాకా ఇంటిని తన సొంత ఇంటిలాగే జాగ్రత్తగా చూసుకోవడం కూడా అమ్మేవాడి బాధ్యతే. అగ్రిమెంట్ రాసుకున్నంత మాత్రాన ఇల్లు మనదైపోదు, 54వ సెక్షన్ ఆ మాట విడిగా చెప్తుంది. హక్కు మారేది సేల్ డీడ్‌తోనే. హక్కు మారాక మాత్రం, అమ్మినవాడి వల్ల కాని ఏ నష్టం జరిగినా అది కొన్నవాడి నెత్తినే.

అంటే సంతకం అనేది ఒక గీత. మా గోడ మీద గీత లాంటిదే. దానికి ఇవతల ఉన్నంతసేపు నీ దగ్గర డబ్బుంది, అవతలివాడికి ఆ డబ్బు కావాలి, కాబట్టి నీ మాట వింటాడు. అవతలికి వెళ్ళాక నీ దగ్గర ఇల్లుంటుంది, వాడి దగ్గర డబ్బుంటుంది, నీ దగ్గర వాడి ఫోన్ నంబరు మాత్రం ఉంటుంది. డిప్లాయ్ చేసే రోజు పొద్దున బగ్ దొరికిందనుకోండి, రోల్‌బ్యాక్ లేదని కూడా తెలుసనుకోండి. ఏ పిచ్చివాడు బటన్ నొక్కుతాడు?

మేం నొక్కాం.

దాన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాన్న పిచ్చివాడు కాదు. ఆ రాత్రే బ్రోకర్‌కి ఫోన్ చేశాడు. మర్నాడు పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌ని తీసుకుని మళ్ళీ ఫ్లాట్‌కి వెళ్ళాం. ఆయన కింద ఉన్న స్విచ్ బోర్డు ఒకటి విప్పాడు. లోపల పిడికెడు ఎండిన బురద. టెర్మినల్స్ తుప్పు పట్టి పచ్చగా ఉన్నాయి. ఇంకోటి విప్పాడు, అదీ అంతే. ప్లగ్గులో టెస్టర్ పెట్టి చూసి ఎర్తింగ్ రావట్లేదన్నాడు. బయట తెల్లటి కొత్త ప్లేట్లు, లోపల వరద. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. కప్‌బోర్డు ఊడితే డబ్బు పోతుంది. తడి చేత్తో మామ్మ గీజర్ స్విచ్ వేస్తే?

కింది నాలుగడుగుల ప్లాస్టరింగ్ చెక్కేసి మళ్ళీ చెయ్యాలన్నాడు మేస్త్రీ. తడి పూర్తిగా ఆరకుండా రంగు వేసేస్తే లోపలి చెమ్మ బయటికి రావడానికి రంగునే తోసుకుంటుందట, అందుకే కొన్ని చోట్ల అప్పటికే బుడగలు మొదలయ్యాయి. మేం వాటిని చూశాం కూడా, పెయింటర్ సరిగ్గా వెయ్యలేదనుకున్నాం. వైరింగు, ప్లాస్టరింగు, చెక్కపని అన్నీ కలిపి మూడు లక్షలు దాటింది లెక్క.

మధ్యాహ్నం రైటర్ ఆఫీసులో కూర్చున్నాం. ఇంటాయన వచ్చాడు. ఫొటో చూపిస్తే కంగారు పడలేదు. "సింగ్‌నగర్ మునిగిందని తెలియందెవరికండీ? అయినా గేటు దాకా వచ్చాయని మీకు చెప్పానుగా" అన్నాడు. చెప్పాడు నిజమే. గేటు దగ్గర ఆగాయని మాత్రం చెప్పలేదు, అది మేం కలుపుకున్నాం. ఇక్కడ చట్టం కూడా కాస్త ఇరుకున పడుతుంది. ఊరంతటికీ తెలిసిన వరద కాబట్టి మామూలు జాగ్రత్తతో తెలిసేదేనని ఆయన వాదించొచ్చు. అడిగితే తప్పుదోవ పట్టించాడు, పైగా గీత మీద రంగేసి దాచాడని మేం వాదించొచ్చు. కోర్టులో ఎవరు గెలుస్తారో తర్వాతి సంగతి. రెండు రోజుల్లో రిజిస్ట్రేషన్ పెట్టుకున్నవాడికి కోర్టు అనేది ఒక మాట మాత్రమే.

కొత్త ఫ్లాట్ బిల్డర్ దగ్గర కొని ఉంటే కథ వేరు. 2016 నాటి రెరా చట్టంలో 14వ సెక్షన్ ఉంది. స్వాధీనం చేసిన రోజు నుంచి ఐదేళ్ళలోపు కట్టడంలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడితే, చెప్పిన ముప్పై రోజుల్లో బిల్డరే సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి. కానీ అది బిల్డర్‌కి. మన వీధిలో ఒక మాస్టారు ఇంకో మాస్టారికి పాత ఫ్లాట్ అమ్మితే ఆ ఐదేళ్ళ గ్యారంటీ ఎవరూ ఇవ్వరు. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటే కనీసం బ్యాటరీ హెల్త్ చూసుకుంటాం.

బ్రోకర్ గారు అప్పుడు తన పని మొదలుపెట్టారు. నాన్నని పక్కకి తీసుకెళ్ళారు, ఆయన్ని పక్కకి తీసుకెళ్ళారు, మళ్ళీ నాన్నని. చివరికి డెబ్భై ఐదు వేలు తగ్గించేలా తేల్చారు. అయితే డీడ్‌లో అంకె మార్చొద్దన్నారు. "లోను శాంక్షన్ అయ్యింది ఈ అంకె మీద. మారిస్తే బ్యాంకు మళ్ళీ మొదటికొస్తుంది. బయట చూసుకుందాం. వారంలో ఆయన మీకు వెనక్కి ఇచ్చేస్తారు."

ఆ "బయట చూసుకుందాం" అనే మాట మీద ఒక పీహెచ్‌డీ చెయ్యొచ్చు. ఇళ్ళ వ్యవహారంలో సగం న్యాయం దాని దగ్గరే చచ్చిపోతుంది. డీడ్‌లో ఒక అంకె రాసి, చేతిలో ఇంకో అంకె పెట్టే అలవాటు ఎంతమందికి ఉందో మీ ఇళ్ళల్లో అడిగి చూడండి. స్టాంపు డ్యూటీ మిగులుతుందని చేస్తారు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం 7.5 శాతం కాబట్టి ఆశ పుట్టడం సహజం. కానీ రేపు ఇంట్లో లోపం బయటపడి డబ్బు వెనక్కి అడగాల్సి వస్తే, కాయితం మీద లేని డబ్బుని ఎలా అడుగుతారు? మీరు ఇచ్చారని చెప్పడమే మీ మీదకి వస్తుంది.

గురువారం, దశమి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర మా వాళ్ళు పదకొండు మంది. రాజమండ్రి నుంచి అత్త వచ్చింది. బ్యాంకు ఆయన చెక్కు పట్టుకుని వచ్చాడు, ఇంటాయన కొడుకు బెంగళూరులో సెలవు పెట్టుకుని వచ్చాడు. ఆటోలో పూతరేకుల డబ్బాలు. నాన్న కొత్త చొక్కా. నేను పొద్దున ఇంట్లో ఒకసారి అన్నాను, "నాన్నా, పదిహేను రోజులు వాయిదా వేద్దాం, కొత్త అంకెతో అగ్రిమెంట్ మార్చుకుని అప్పుడు చేద్దాం" అని. నాన్న నా వైపు చూడకుండా, "ఏరా, ఇప్పుడా చెప్పేది, అందరూ వచ్చాక?" అన్నాడు.

నాకు కోపం తెప్పించింది ఆ జవాబులోని "అందరూ". ఇంత డబ్బు పెట్టి కొనే వస్తువు విషయంలో ఆగండి అనడానికి అడ్డు నిలబడింది చట్టం కాదు, బ్యాంకు కాదు. పూతరేకులు. శకునం బాగోదని మామ్మ, మాట పోతుందని బాబాయి, మళ్ళీ ఇంత మంచి రోజు శ్రావణం దాకా లేదని అత్త. తెలిసీ నష్టపోవడం కన్నా నలుగురిలో ఆగిపోవడం మనకి ఎక్కువ సిగ్గు.

నాన్న వైపు నుంచి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. గుంటూరు ఇల్లు అప్పటికే అమ్మేశాం. కట్టిన అడ్వాన్సు మూడు లక్షలు ఉంది. గడువులోపు కొనేవాళ్ళు పూర్తి చెయ్యకపోతే అడ్వాన్సు పోతుందని అగ్రిమెంట్‌లో రాసుకున్నాం. ఆ అడ్వాన్సు కోసం తగువు పడితే ఎన్నేళ్ళు తిరగాలో నాన్నకి తెలుసు, నాకు తెలియదు. "నువ్వు సెక్షన్ చదివావు, నేను మనుషుల్ని చదివాను" అన్నాడు తర్వాత. అది నిజమే కావచ్చు. కానీ ఆయన చెప్పిన కారణాలన్నీ రిజిస్ట్రేషన్ రోజున పుట్టినవి కావు, అగ్రిమెంట్ రోజున పుట్టినవి. ఆ రోజు మేం సంతకం పెట్టిన కాయితంలో మేం ఆలస్యం చేస్తే ఏమవుతుందో ఉంది. ఆయన దాచిపెడితే ఏమవుతుందో లేదు. ఆ ఒక్క పేరా ఆ రోజు ఉండుంటే, గురువారం నాడు నాన్న నలుగురి ముందూ సిగ్గుపడకుండా కాయితం చూపించి ఆగేవాడు.

అందుకే నా వాదన జాగ్రత్తగా ఉండండి అని కాదు. జాగ్రత్త అనేది ఎప్పుడూ పక్కవాడికి చెప్పే మాట. అగ్రిమెంట్‌కి ఇంటి స్థితి అని ఒక పేజీ ఉండాలి. ఇంట్లోకి నీళ్ళు ఎప్పుడైనా వచ్చాయా, ఎంత ఎత్తు వచ్చాయి, ఏ గోడకి చెమ్మ ఉంది, ఏ బాత్రూం కింద ఎవరింట్లోకి కారుతోంది, ఏది ఎప్పుడు బాగుచేయించారు. అమ్మేవాళ్ళు తమ చేత్తో నింపి సంతకం పెట్టాలి. అందులో లేనిది రిజిస్ట్రేషన్‌లోపు బయటపడితే బాగుచేతకయ్యే ఖర్చు ధరలో తగ్గాలి, లేదా అడ్వాన్సు మొత్తం వెనక్కి రావాలి, గడువు దానంతటదే పెరగాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఇద్దరూ ఒప్పుకుని రాసుకుంటే చాలు. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే, ఆఫీసుకి వెళ్ళే ముందు, ఖాళీ ఇంట్లో ప్రతి గదీ మరోసారి చూడాలి. సామాన్లు తీశాకే గోడలు మాట్లాడతాయి. వీలైతే ఒక వాన పడ్డాక చూడాలి. వాచ్‌మన్ వాళ్ళావిడని మాత్రం మొదటి రోజే అడగాలి.

ఇలా అన్నీ రాసిస్తే ఇల్లెవడు కొంటాడ్రా అన్నాడు బాబాయి. కొంటారు, తక్కువకి కొంటారు. ఆ తక్కువే దాని అసలు ధర.

ఇక్కడితో ఆపేస్తే నేను చాలా మంచివాడిలా కనిపిస్తాను. కుదరదు.

గుంటూరులో మా ఫ్లాట్ అమ్మే ముందు, చిన్న బెడ్రూం గోడకి చెమ్మ ఉండేది. అవతల బాత్రూం. పైపు ఎక్కడో కారుతోంది, రెండేళ్ళ నుంచీ తెలుసు. వానాకాలం వస్తే ఆ గోడకి మంచం ఆనించేవాళ్ళం కాదు. కొనేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారని నాన్న ఒక ఆదివారం పుట్టీ డబ్బా, అరలీటరు రంగు తెచ్చాడు. పుట్టీ పూసింది నేను. సాండ్ పేపర్ పెట్టి బాగా నున్నగా వచ్చేదాకా రుద్దాను. "నీకు చెయ్యి తిరిగిందిరా" అన్నాడు నాన్న, నేను సంతోషపడ్డాను. కొన్నది టీచర్లు, భార్యాభర్తలు. చిన్న పాప. ఆ గది పాపకి అని ఆవిడ అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను.

అప్పుడు నాకు ఇదేమీ తప్పనిపించలేదు. ఇల్లు అమ్మేటప్పుడు రంగు వేస్తారు, అందరూ వేస్తారు. 55వ సెక్షన్‌లో చెప్పకపోవడం మోసమే అనే వాక్యం చదివింది ఇంటాయన మీద కోపంతో. చదివిన రెండు నిమిషాలకి ఆ పుట్టీ గుర్తొచ్చింది. ఇంటాయన ఆరు రోజుల వరదని దాచాడు, మేం ఒక పైపుని దాచాం. సైజులో తేడా ఉంది. పనిలో తేడా ఏముందో నాకు కనిపించలేదు. ఆయన కూడా ఏదో ఆదివారం పెయింటర్‌ని పిలిచి, బాగా వచ్చిందే అనుకుని ఉంటాడు.

నాన్నతో అన్నాను, గుంటూరు వాళ్ళకి చెప్దాం అని. "ఇప్పుడు చెప్తే డబ్బులడుగుతారు" అన్నాడు. తర్వాత కాసేపు ఆగి, "ఇంటాయన దగ్గర మనకే ఇంకా ముప్పై ఐదు వేలు రావాలి" అన్నాడు. వారంలో ఇస్తానన్న డెబ్భై ఐదు వేలలో నలభై వచ్చాయి, ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తడం తగ్గించేశాడు. ఆ రెండు వాక్యాలకీ సంబంధం ఏంటని నేను నాన్నని అడగలేదు. సంబంధం ఉందని ఇద్దరికీ తెలుసు.

పోయిన వారం హాస్టల్ నుంచి ఆ టీచర్ గారికి నేనే మెసేజ్ పెట్టాను. మూడుసార్లు రాసి చెరిపేశాను. చివరికి ఇలా పంపించాను: "నమస్తే మేడమ్, చిన్న బెడ్రూం గోడ వెనక బాత్రూం పైపు లీకేజీ ఉంది. అమ్మేటప్పుడు మాకు తెలుసు, చెప్పలేదు. సారీ." బ్లూ టిక్స్ వెంటనే వచ్చాయి. రిప్లై రాత్రి తొమ్మిదింటికి వచ్చింది.

"తెలుసు బాబూ. ఆగస్టులోనే గోడ పగలగొట్టించాం. పద్దెనిమిది వేలు అయింది. పాప ఇప్పుడు హాల్లో పడుకుంటోంది, గోడ ఇంకా ఆరలేదు."

ఆదివారం ఇంటికెళ్ళినప్పుడు అది నాన్నకి చూపించాను. రెండుసార్లు చదివాడు. ఆవిడ నంబరు అడిగి తీసుకుని బయట మెట్ల మీదకి వెళ్ళి కూర్చున్నాడు. చాలాసేపు మాట్లాడాడు. లోపల బెడ్రూంలో మేస్త్రీ కింది నాలుగడుగులూ చెక్కుతున్నాడు, ఆ చప్పుడుకి ఏం మాట్లాడాడో నాకు వినిపించలేదు.